గోడ మీది బొమ్మ, తెర మీది తునక

ఎర్రగడ్డ నుండి సంజీవరెడ్డి నగరము మీదుగా అమీరుపేట చేరి, అచటినుండి పంజగుట్ట కూడలికి పోవు దారిలో, మెట్రో స్తంభములకు తగిలించిన పలకల మీదను, సిటీ బస్సుల వీపుల మీదను, మూతపడిన దుకాణముల షట్టర్ల మీదను, ఎన్ని విధముల బొమ్మలు బాటసారి చూపును తమవైపునకు లాగుకొనుటకై పెనగులాడుచున్నవో గమనించినవారికి, సినిమా ప్రచారమను విద్య ఎంత కఠినమైనదో వేరుగ చెప్పవలసిన పని లేదు. మైత్రీవనము పరిసరములలో కంప్యూటరు కోర్సుల బ్యానర్లు ఒకదాని మీద నొకటి ఎక్కి కూర్చున్నవి. విద్యుత్ స్తంభములకు హాస్టళ్ల ఫోను నంబర్లు అంటుకొనియున్నవి. వాని నడుమ, శుక్రవారము విడుదల కానున్న చిత్రములోని నాయకుని ముఖము. ఆ ముఖమును చూచుచు శిక్షణ తరగతికి నడచిపోవు యువకుడు, గడచిన రాత్రియే తన హాస్టలు గదిలో పడుకొని అదే చిత్రము ట్రైలరును అరచేతిలోని ఫోనులో చూచియుండును. ఆ రెండు దర్శనములును ఒకదానినొకటి గుర్తుచేసినచో ఆతని మనసులో ఆ చిత్రమునకు ఒక చోటు దొరకును. ఒకదానినొకటి ఎరుగనట్లు నిలిచినచో, రెండింటికిని పెట్టిన ధనము రెండు వేరువేరు దారులలో పోయినట్లే.

ట్రైలరు చూచునపుడు మనము కదలక కూర్చుందుము, బొమ్మ కదలును. పోస్టరు చూచునపుడు బొమ్మ కదలక నిలుచును, మనమే కదలిపోదుము. ప్రచారకళలోని ధర్మములలో అధికభాగము ఈ యొక్క భేదమునుండియే పుట్టినవని నా విశ్వాసము. కదలెడు బొమ్మకు కాలము కలదు. రెండు నిమిషముల పైచిలుకు వ్యవధిలో అది ఒక కంఠమును వినిపించి, ఒక అనుమానమును రేపి, దానిని తీర్చకయే మాయము కాగలదు. నిలిచిన బొమ్మకు స్థలము మాత్రమే కలదు. మెట్రో బండిలో పోవువానికి అది రెండు మూడు క్షణములు, అమీరుపేట సిగ్నలువద్ద ఆగిన స్కూటరువానికి ఒక నిమిషము, బస్సు కొరకు నిలుచున్న ఇల్లాలికి పావుగంట కనబడును. అందుచేత ట్రైలరు ప్రశ్న వేయవలెను, పోస్టరు ఆ ప్రశ్నను మరువనీయక కాపాడవలెను. ట్రైలరులోని పది దృశ్యములను కత్తిరించి ఒకే కాగితముపై క్రిక్కిరియ నతికించిన పోస్టర్లను, పోస్టరులోని భంగిమలనే ఒకదాని వెంట నొకటి చూపి పెద్ద చప్పుడు జోడించిన ట్రైలర్లను మనము తరచుగ చూచుచున్నాము. ఒకటి చేయవలసిన పనిని రెండవది మీద వేసికొనుటచే అట్టి చోట్ల రెండును చెడుచున్నవి.

ఈ విషయమును అమీరుపేటలో నిలిచి ఆలోచించుటకు తగిన హేతువు కలదు. తెలుగు చిత్రములు మదరాసులో పుట్టి, అచటనే ప్రచార సామగ్రిని సిద్ధపరచుకొని, రైలెక్కి మన యూళ్లకు వచ్చుచున్న కాలమున, హైదరాబాదు నగరమున తెలుగు సినిమాకు తొలి నీడ నిచ్చిన సారథీ స్టూడియో ఈ అమీరుపేటలోనే వెలసినది. 1959లో విడుదలైన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే చిత్రీకరింపబడిన తొలి తెలుగు చిత్రముగా పేరుగాంచుట ఈ స్టూడియో చలువయే. ఈ ప్రాంతపు ప్రేక్షకులకు చిరపరిచితమైన సత్యం థియేటరు నేలమట్టమై, ఆ తావుననే 2023 జూన్ నెలలో ఏఏఏ సినిమాస్ అను పలుతెరల భవనము తలుపులు తెరచినది. ఎర్రగడ్డవారికి గోకుల్ థియేటరు పేరు చెప్పినచో దారి చెప్పినట్లే. అనగా చిత్రము తీయుచోటు, చూపుచోటు, చూచువారు నివసించుచోటు, మూడును కొన్ని మెట్రో స్టేషన్ల వ్యవధిలో ఇమిడియున్న ప్రాంతమిది. పాత థియేటరు ముంగిట ఎత్తైన కటౌటు, దాని వెనుక అద్దాల బీరువాలో వరుసగా గ్రుచ్చిన స్టిల్సు, లోపల విరామసమయమున 'త్వరలో' అను అక్షరములతో మొదలగు ట్రైలరు, ఇట్లు మూడు అంచెలుగా ప్రచారము నడచెడిది. నేటి మల్టీప్లెక్సు వరండాలో ఎల్‌ఈడీ పలక మీద పోస్టరే కదలుచున్నది, ఫోనులో ట్రైలరే ఒక నిలిచిన బొమ్మగా ముందు కనబడుచున్నది. హద్దులు చెరిగినకొలది పని విభజనను గూర్చిన విచారము మరింత అవసరమగుచున్నది.

నలుపు తెలుపుల కాలమున ఈ విభజనను ఎవరును కూర్చుండి నిర్ణయింపవలసిన పని లేకుండెను. సాంకేతికమైన లోటే దానిని నిర్ణయించినది. 1963లో 'లవకుశ' పూర్తినిడివి రంగుల చిత్రముగా తెలుగు తెరకెక్కువరకు, మన ప్రేక్షకునికి తన అభిమాన నటుల రంగులు చాలవరకు కాగితము మీదనే లభించెడివి. 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపులలో వచ్చినది. అందలి కృష్ణుని మేనిఛాయను, శశిరేఖ చీర రంగును తెరమీద వెదకి లాభము లేదు, పోస్టరు గీసినవాడు తన ఊహతో పూయవలసినదే. ఆ చిత్రము కంప్యూటరు సాయమున రంగులు దిద్దుకొని మరల థియేటర్లకు వచ్చుటకు 2010వ సంవత్సరము వరకు ఆగవలసివచ్చెను. కావున ఆనాటి పోస్టరు, ట్రైలరు చూపజాలని రంగును చూపెడిది. ట్రైలరు, పోస్టరు వినిపింపజాలని ఘంటసాల గొంతును వినిపించెడిది. ఒకదాని కొరత రెండవదానికి పనిగా ఏర్పడినది. నేడు రెండింటికిని రంగులు కలవు, ఫోనులో రెండింటికిని శబ్దము కూడ కలదు. కావున ఒకనాడు కొరత చేసిన పనిని ఈనాడు బుద్ధి చేయవలసియున్నది.

ఆ కాలపు అచ్చు సామగ్రిలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది పాటల పుస్తకము. కొద్ది పుటలు, చౌక కాగితము, ఒకటి రెండు రంగుల అట్ట, లోపల నటీనటుల పట్టిక, సాంకేతిక నిపుణుల పేర్లు, పాటలు, వాని కన్న ముందు సంక్షిప్త కథ. థియేటరు గేటువద్ద కుర్రవాండ్రు దానిని చేతులలో విసనకర్రవలె విప్పిపట్టి అమ్మెడివారు. ఆ సంక్షిప్త కథను వ్రాసిన అజ్ఞాత రచయితల నేర్పును గూర్చి మన సాహిత్య చరిత్రకారులు ఒక్క పుటయైనను వ్రాయకుండుట నాకు విచారము కలిగించుచున్నది. వారు నాయికానాయకుల పరిచయము, పెద్దల పంతము, అపార్థము, వియోగము వరకు కథను తిన్నగా నడపి, చిక్కుముడి బిగిసినచోట కలము నాపి, తరువాత జరిగినది వెండితెరపై చూడుడని చెప్పి తప్పుకొనెడివారు. ఎచట ఆగవలెనో తెలియుటయే ఆ రచనలోని విద్య. నేడు ట్రైలరు కూర్చు ఎడిటరు నేర్వవలసినదియు అదియే. పట్నమునకు పోయి సినిమా చూడజాలని ఇల్లాండ్రు ఆ పుస్తకమును చదివి పాటలు నేర్చికొనెడివారు, చూచివచ్చినవారు దానిని పెట్టె అడుగున దాచికొనెడివారు. చూడకముందు ఆశగాను, చూచిన తరువాత జ్ఞాపకముగాను రెండు ఉద్యోగములు చేసిన కాగితమది. 1964లో స్థాపితమైన పుణె నగరములోని జాతీయ చలనచిత్ర భాండాగారము పోస్టర్లతోను, స్టిల్సుతోను పాటు పాటల పుస్తకములను కూడ సేకరించి భద్రపరచుట ఎంతయు అభినందనీయము.

ఆ పుస్తకమునుండి నేటివారు గ్రహింపదగిన విషయ మొకటి కలదు. ఆగెడు చోటు అన్ని సామగ్రులకును ఒక్కటిగా నుండవలెను. ట్రైలరులో ప్రతినాయకుని నీడను మాత్రమే చూపి ఉత్కంఠ పెంచిన చిత్రమునకు, ఆతని నిండు ముఖమును ప్రకటించు పోస్టరు మరునాడే గోడకెక్కినచో, ఎడిటరు పడిన శ్రమయంతయు ఒక మైదా జిగురు బకెట్టులో కలిసిపోవును. కథను ఎంతవరకు చెప్పవచ్చునో నిర్ణయించువాడు ఒక్కడే కావలెను, ఆ నిర్ణయము అచ్చు పనివారికిని ఎడిటింగు గదికిని ఒకే దినమున చేరవలెను.

అక్షరముల వంతెన

పోస్టరును ట్రైలరును కలుపు వంతెన ఏదియని నన్నడిగినచో, చిత్రము పేరును వ్రాసిన అక్షరములని చెప్పుదును. పాలకొల్లులో పుట్టి, 1967లో బాపు దర్శకత్వమున వచ్చిన 'సాక్షి'తో ప్రచార చిత్రకారుడై, రెండువేలకు పైగా చిత్రములకు పోస్టర్లు రూపొందించిన ఈశ్వర్ ఈ రహస్యమును పూర్తిగ నెరిగినవాడు. తన యనుభవమును 'సినిమా పోస్టర్' అను గ్రంథమున నిక్షేపించి, 2015వ సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారమునకు ఎంపికై, 2021లో కన్నుమూసిన ఆ కళాకారుని తరమువారి చేతిలో తెలుగు అక్షరము ఒక పాత్రవలె నటించెడిది. పౌరాణికమునకు కిరీటము ధరించినట్లు నిలిచెడిది, సాంఘికమునకు చేతివ్రాతవలె ఒయ్యారముగ వంగెడిది, జానపదమునకు కత్తి మొనవలె సాగెడిది. అవే అక్షరములు గోడమీదను, వార్తాపత్రికలోని ప్రకటనలోను, పాటల పుస్తకపు అట్టమీదను, చివరకు తెరమీద పేర్లు పడునపుడును ఒకే రూపున కనబడినచో, చదువురాని ప్రేక్షకుడు సయితము వానిని బొమ్మగా గుర్తించెడివాడు. ఇప్పుడు ట్రైలరు తుదిలో పేరు ఆంగ్లాక్షరములలో మెరసి, గోడమీద తెలుగులో ఒక రూపున, బస్సుమీద తెలుగులోనే మరియొక రూపున అగుపడుచున్నది. పలు భాషలలో ఒకేసారి విడుదలగు చిత్రములకు ఇది అనివార్యమని నిర్మాతలు చెప్పవచ్చును. కాని ప్రతి లిపికిని ఒకే శిల్పి చేత, ఒకే కుదురున అక్షరములు చెక్కించుట అసాధ్యమేమియు కాదు. తెలుగు లిపికి గుండ్రదనము సహజసంపద. దానిని విడిచి తెలుగు చిత్రము తెలుగు వీధిలో పరాయి అక్షరములతో తన్ను తాను పరిచయము చేసికొనుట నా మనస్సునకు బాధ కలిగించు విషయము.

పాశ్చాత్య దేశములలో ఈ యేకసూత్రతను శాస్త్రముగా సాధించినవాడు గ్రాఫిక్ డిజైనరు సాల్ బాస్. 1959లో ఆటో ప్రెమింజర్ తీసిన 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' చిత్రమునకు ముక్కలుగా కత్తిరించిన ఒక మానవాకృతిని కల్పించి, ఆ యొక్క గుర్తునే పోస్టరు మీదను తెరమీది పేర్లలోను నిలిపినాడు. మరుసటి సంవత్సరము ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'సైకో' చిత్రమునకు చేసిన ప్రచారము ఇంకను సూక్ష్మమైనది. ఆరు నిమిషములకు పైగా సాగిన ట్రైలరులో కథలోని సన్నివేశములను చూపుటకు బదులు, దర్శకుడు తానే ఆ మోటెలును, ఆ పాతయింటిని గది గదిగా చూపుచు, చెప్పబోయినది చెప్పక ఆగుచు పోవును. కాగితము మీదనో, అదే హిచ్‌కాక్ తన చేతిగడియారమును చూపుచు, చిత్రము మొదలైన పిదప ఎవరిని లోనికి రానీయబోమని హెచ్చరించును. ట్రైలరు చోటును చూపినది, కాగితము వేళను చెప్పినది. రెండింటను ఉన్నవాడు ఒక్కడే, దాచినది ఒక్కటే.

ఒక చేయి, రెండు భూతములు, ఒక జాతర

మన చిత్రములలో ఈ పొత్తు కుదిరిన సందర్భములు తక్కువేమియు కావు. 2015 మే 1న 'బాహుబలి' మొదటి భాగపు ప్రచారములో వెలువడిన పోస్టరును తలచుకొనుడు. ఉధృతమైన నీటిలోనుండి పైకి లేచిన ఒక చేయి, ఆ చేతిపై ఒక పసికందు. నాయకుడు లేడు, ఖడ్గము లేదు, సైన్యము లేదు. జూన్ నెలలో వచ్చిన ట్రైలరు కోటలను, జలపాతమును, యుద్ధమును ధారాళముగ చూపినది. జూలై 10న చిత్రము విడుదలైనపుడు, ఆ చేయి కథకు ఆరంభములోనే ప్రేక్షకునికి ఎదురువచ్చినది. వైభవము చూపు పని ట్రైలరునకును, జాలి పుట్టించు పని కాగితమునకును విడిచిపెట్టిన ఆ నిర్ణయము చాల గొప్పది. అదే చిత్రమునకు కొచ్చిలో 51,598 చదరపు అడుగుల పోస్టరును పరచి గిన్నిస్ పుస్తకమున చోటు సంపాదించిరి; ఆ కొలత వార్తయైనది, కాని జనుల మనస్సున మిగిలినది ఆ పసికందును మోసిన చేయియే.

'ఆర్ఆర్ఆర్' కథ మరింత విచిత్రమైనది. 2020 మార్చి 25, ఉగాది దినము. దేశమంతట లాక్‌డౌన్ మొదలైనదియు ఆనాడే. గోడలకు పోస్టర్లు అంటించు చేతులు ఇండ్లలో బందీలైన ఆ దినమున, ఆ చిత్రము పేరు మోషన్ పోస్టరు రూపమున ఫోనులలోనికి వచ్చినది. ఒకవైపునుండి అగ్నిమయమైన ఆకృతి, మరియొకవైపునుండి జలమయమైన ఆకృతి పరుగెత్తుకొనివచ్చి చేతులు కలుపును. 'రౌద్రం రణం రుధిరం' అని పేరు వెలయును. ఆ నిప్పును ఆ నీటిని నాటినుండి ఎవరును విడువలేదు. ఇరువురు నాయకులలో రామరాజును పరిచయము చేసిన చిన్న తునకలో నిప్పు, భీమును పరిచయము చేసినదానిలో నీరు, తరువాతి పోస్టర్లలో ఆ రెండు రంగులు, చిత్రములో వంతెన క్రింద ఆ రెండు చేతులు కలిసిన ఘట్టము. సరిగా రెండేండ్లకు, 2022 మార్చి 25న చిత్రము విడుదలైనపుడు, థియేటరు ముందు నిలిచిన కాగితములో ఎరుపు నీలములను చూచినవానికి ఇంకేమియు చదువవలసిన పని లేకపోయెను. విడుదల పలుమారులు వాయిదాపడిన చిత్రమునకు అంత దీర్ఘకాలము జ్ఞాపకము చెడక నిలుచుటకు ఆ రెండు భూతముల గుర్తే ప్రధాన కారణమని నా యభిప్రాయము.

'పుష్ప' రెండవ భాగము విషయమున కాగితమే ముందు నడచినది. 2023 ఏప్రిల్ 7న వెలువడిన పోస్టరులో నాయకుడు చీర కట్టి, నిమ్మకాయల దండ వేసికొని, నీలి రంగు పూసికొని కనబడినాడు. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు స్త్రీవేషము ధరించు ఆచారము ఎరిగినవారికి అది వెంటనే అర్థమైనది, ఎరుగనివారికి అది ఒక ప్రశ్నయైనది. ఒక సంవత్సరము తరువాత, 2024 ఏప్రిల్ 8న వచ్చిన టీజరు ఆ బొమ్మనే కదలించి జాతర మధ్యకు తెచ్చినది. కదలని బొమ్మ వేసిన ప్రశ్నను కదలెడు బొమ్మ ఏడాదికి అందుకొనుట! ఏ గుర్తు ప్రాంతీయమైన ఆచారములో వేరూనినదో, ఆ గుర్తునకే దూరదేశముల ప్రేక్షకులు సయితము లొంగిరి.

ఈ పొత్తులో మరువరాని బాధ్యత యొకటి కలదు. 2017 ఆగస్టులో 'అర్జున్ రెడ్డి' పోస్టరులోని ముద్దు దృశ్యమునకు కోపించి, మాజీ పార్లమెంటు సభ్యుడు వి. హనుమంతరావు ఆర్టీసీ బస్సుమీదినుండి దానిని చించివేసిన సంగతి పాఠకులకు గుర్తుండును. ఆ కోపముతో ఏకీభవించినను మానినను, ఆలోచింపదగిన విషయమిది. ట్రైలరును కోరినవాడు తెరచి చూచును, థియేటరులో చూపు ట్రైలరునకు సెన్సారు సర్టిఫికెట్టు కూడ ఉండవలెను. బస్సుమీది బొమ్మను కోరనివాడును చూచును, బడికి పోవు పిల్లయు చూచును, ఆ పిల్ల చేయి పట్టుకొన్న తాతయు చూచును. ట్రైలరు ఒక వర్గముతో ఏకాంతమున మాటలాడవచ్చును. గోడ ఊరందరితో మాటలాడును. ఒకే భావమును రెండు మర్యాదలలో చెప్పగలుగుట ప్రచారకర్తకు ఉండవలసిన సంస్కారము.

ఇక పనివారి చిక్కులు. అచ్చునకు పోవు స్టిల్సు షూటింగు నాటివి. ట్రైలరు రంగులు, చిత్రమునకు రంగులు దిద్దు డీఐ గదిలో తుదిదశలో కుదురును. ఎడిటింగు గదిలో రేయి నీలముగ మారిన సన్నివేశము, కాగితముమీద పగటి పసుపుతో మిగిలిపోవుటకు కారణమిదియే. పైపెచ్చు తెరమీది నీలికాంతి స్వయముగ వెలుగును, కాగితముమీది నీలము సిరా. నాలుగు రంగుల సిరాల కలయికలో ఆ మెరుపు రాదు, బూడిద వచ్చును. డీఐ ముగిసిన చట్రముల నుండి రెండు మూడింటిని నమూనాగ ప్రెస్సువానికి పంపి, ప్రూఫు తీయించి పగటి వెలుగులో చూచుట పెద్ద ఖర్చు కాదు. స్టిల్ ఫొటోగ్రాఫరునకు సెట్టుమీద ప్రతి ముఖ్య సన్నివేశము తరువాత పది నిమిషములు విడిగా ఇచ్చుటయు అట్టిదే. అట్లు ఇయ్యనిచోట, విడుదలకు ముందు హడావుడిగ వేరొక ఫొటోషూటు జరిపి, చిత్రములో ఎచటను లేని దుస్తులలో నాయకుని నిలిపి పోస్టరు వేయుదురు. ట్రైలరులో చూచిన మనిషి గోడమీద లేక, గోడమీది మనిషి చిత్రములో లేక ప్రేక్షకుడు వెదకికొనవలసివచ్చును.

ఒక విషయమున మాత్రము కాగితమునకు సాటి లేదు. ట్రైలరు అన్ని యూళ్లకును ఒక్కటే; విడుదల తేదీ చెప్పగలదు గాని, మన వీధి చివరి థియేటరులో ఎన్ని గంటలకు ఆట మొదలగునో చెప్పజాలదు. ముప్పది నలుబది అంగుళముల సింగిల్ షీటు పోస్టరు అడుగున అంటించు సన్నని స్లిప్పు, దానిమీద థియేటరు పేరు, 'ప్రతిదినము 4 ఆటలు', 'నేడే విడుదల' అను మాటలు ఆ పనిని తరతరములుగ చేసినవి. 2020లో తెలంగాణ ప్రభుత్వము నేలనుండి పదునైదు అడుగులకు మించిన ఎత్తున ప్రకటనలను నిషేధించిన పిమ్మట, చూపునకు అందు ఎత్తునగల మెట్రో పలకలకును, థియేటరు గోడలకును విలువ మరింత హెచ్చినది. ఆ చిన్న చోటున ఇరువది ముఖములను ఇరికించుట మాని, ట్రైలరు మనస్సున నాటిన ఒక్క బొమ్మను, పేరును, చోటును, వేళను నిలిపినచో చాలును.

కృష్ణానగరపు చిన్న గదులలో కూర్చుండి, కొద్దిపాటి డబ్బుతో తొలి చిత్రము తీయబూనిన యువ నిర్మాతలను తలచుకొనియే ఇంత వ్రాసినాను. వారికి కటౌట్లు అక్కరలేదు. షూటింగునకు ముందే, దర్శకుడును, పోస్టరు డిజైనరును, ట్రైలరు ఎడిటరును, స్టిల్ ఫొటోగ్రాఫరును ఒక పూట కలిసి కూర్చుండి, ఈ చిత్రమునకు గుర్తు ఏ బొమ్మ, ప్రశ్న ఏది, అక్షరముల రూపమేది, ఏ రంగు, ఎచట ఆగవలెను అని తేల్చుకొన్నచో, ఆ పూటకు అగు ఖర్చు టీ ఖర్చు మాత్రమే. పోస్టరు అడుగుభాగమున 'పబ్లిసిటీ డిజైన్స్' అను మాట ప్రక్కన ఒక పేరు చిరకాలముగ అచ్చగుచున్నది. ట్రైలరు కూర్చినవాని పేరు అచట అరుదుగ కనబడును. ఆ రెండు పేర్లను ఒకే వరుసలో వేయు ఆచారమును ఏ నిర్మాత మొదలిడునో, ఆతని ఆఫీసులో ఆ యిరువురును ఒకే బల్లయొద్ద కూర్చుండుటయు మొదలగును.